టెన్నిసు నిచ్చెన: సవాలులోని మర్యాద

నిచ్చెన అనగానే తెలుగింట పుట్టిన ప్రతివారికీ ముందుగా స్ఫురించేది వైకుంఠపాళి. శివరాత్రి జాగరణనాడు ఆ పటం పరచి, గవ్వలు గలగలలాడించి, పందెం పడినన్ని గడులు నడచి, అదృష్టం కలసివస్తే నిచ్చెన ఎక్కి, వికటిస్తే పాము నోట పడి దిగజారినవారమే మనమందరమూ. ఆ ఆటలో ఆడేవాని నేర్పుతో పని లేదు. పండితుడైనా పసివాడైనా గవ్వలు పడినట్లు నడవవలసినదే.

ఇక్కడ చెప్పబోయే నిచ్చెన వేరు. ఇందులో గవ్వలు లేవు, పాములూ లేవు. ఎక్కదలచినవాడు తనకు పైమెట్టుమీద ఉన్నవానిని ఆటకు పిలిచి, గెలిచి, ఆ మెట్టు అందుకోవలెను. పైనున్నవాడు పిలుపు అందుకొని ఆడి, తన మెట్టు నిలుపుకోవలెను. టెన్నిసు ఆడేవారి సంఘాలలో చిరకాలంగా వాడుకలో ఉన్న ఈ పద్ధతిని ‘ల్యాడర్’ అంటారు. మనం టెన్నిసు నిచ్చెన అందాము.

మనవైపు పాఠశాలల్లో బాల్ బ్యాడ్మింటన్, టెన్నికాయిట్ ఆటలకు ఉన్నంత వాడుక టెన్నిసుకు లేదు. అయినా ఈ పద్ధతి ఏ ఒక్క ఆట సొత్తూ కాదు. ఇద్దరు ఎదురెదురుగా నిలిచి ఆడే ప్రతి ఆటకూ, చదరంగానికి సైతం, ఇది అమరుతుంది. కనుక టెన్నిసు ఎరుగని పాఠకులు కూడా ఈ నాలుగు మాటలు ఓపికతో వినవచ్చును.

ఒక ఊరు, ఒక కోర్టు, పన్నెండుమంది

నెల్లూరు జిల్లా తీరప్రాంతంలో ఒక ఊరిని ఊహించుకుందాము. అల్లూరువంటి ఊరు కావచ్చును, ఇందుకూరుపేటవంటిది కావచ్చును, ముత్తుకూరువంటిది కావచ్చును. ఆ ఊరి పాఠశాల ఆవరణలో ఒకే ఒక మట్టికోర్టు ఉన్నది. ఆడేవారు పన్నెండుమంది: ఉపాధ్యాయులు నలుగురు, బ్యాంకు ఉద్యోగి ఒకరు, డాక్టరు ఒకరు, రొయ్యల చెరువులు సాగుచేసే ఆసామి ఒకరు, విద్యార్థులు ఐదుగురు. ఆ ఐదుగురిలో ఇద్దరు బాలికలు.

ఏ నియమమూ లేనప్పుడు అక్కడ ఏమి జరుగుతుందో ఆలోచించండి. సాయంత్రం ఐదు గంటలకు ముందు వచ్చిన నలుగురు పెద్దలు జోడులు కట్టి ఆట మొదలుపెడతారు. మరునాడూ వారే. తక్కినవారు గట్టుమీద కూర్చుని కొంతసేపు చూసి, చీకటి పడగానే ఇంటిదారి పడతారు. విద్యార్థులు గోడకు బంతి కొట్టుకుంటూ గడుపుతారు. కొన్ని నెలలు గడిచేసరికి ఆ కోర్టుకు మిగిలేది ఆ నలుగురే. వారిలో ఒకరికి బదిలీ అయితే ముగ్గురు. పిమ్మట కోర్టులో గడ్డి మొలుస్తుంది. ఎవరి తప్పూ లేదు. ఎవరినీ ఎవరూ కాదనలేదు. కాని ఎవరూ ఎవరినీ పిలవలేదు.

పిలవకపోవటానికి కారణం మన మర్యాదలోనే ఉన్నది. గోడకు బంతి కొట్టుకునే కుర్రవాడు తన లెక్కల మాస్టారు వద్దకు పోయి, ‘మీతో ఆడి గెలవగలను, రండి’ అని ఎట్లా అనగలడు? నోరు రాదు. వచ్చినా అది పొగరుగా వినబడుతుంది. గురువుకు ఎదురు నిలవటం అవినయమని మన సంప్రదాయం చెప్పింది. అదే సంప్రదాయం మరొక మాట కూడా చెప్పింది: మనిషి అందరిమీదా గెలుపు కోరవచ్చును గాని, కొడుకు చేతిలోనూ శిష్యుని చేతిలోనూ ఓటమినే కోరవలెనని. ఈ రెండు మాటలకూ నడుమ నడిచే దారి ఒకటి కావలె. ఆ దారి వేసి పెట్టటమే నిచ్చెన చేసే మేలు.

పలకమీద పన్నెండు పేర్లు

దీనికి కావలసిన సామగ్రి స్వల్పం. ఒక చెక్కపలక, దానికి పన్నెండు మేకులు, ఒక్కొక్క మేకుకు ఒక పేరు రాసిన అట్టముక్క. ఆటల వివరాలు రాసుకొనేందుకు ఒక నోటుపుస్తకం. నియమాలు కూడా ఒక్క కాగితంలో ఇమిడేవే.

మొట్టమొదట ఎవరు ఏ మెట్టుమీద ఉండవలెనన్నది చిక్కు ప్రశ్న. ఉద్యోగాన్ని బట్టి గాని వయస్సును బట్టి గాని పేర్లు తగిలిస్తే నిచ్చెన పుట్టకముందే పాడవుతుంది. ‘నీకంటె నేను బాగా ఆడతాను’ అని వాదించుకొని నిర్ణయిస్తే అసలు స్నేహమే చెడుతుంది. అన్నిటికంటె మేలైనది చీట్లు వేయటం. చీటీలో అడుగుమెట్టు వచ్చిన హెడ్మాస్టరుగారికి చిన్నతనం లేదు, పైమెట్టు వచ్చిన విద్యార్థికి గర్వకారణమూ లేదు. ఒక్క ఆ మొదటి రోజుకు మాత్రం మన ఆట వైకుంఠపాళి వంటిదే.

అటుపైన ఎవరైనా తనకు పైన ఉన్న రెండు మెట్లలో ఒకరిని పిలవవచ్చును. అంతకు మించి పైకి పిలవరాదు. అందరికంటె గట్టి ఆటగాడికే చీటీలో పన్నెండవ మెట్టు వచ్చినదనుకోండి. అతడు పదవ మెట్టును గెలిచి, ఆపై ఎనిమిది, ఆరు, నాలుగు, రెండు, చివరకు ఒకటి, ఇట్లా ఆరు ఆటలు గెలిస్తే తన చోటు చేరుకుంటాడు. వారానికొక ఆట చొప్పున ఆరు వారాలు. చీటీ చేసిన పొరపాటు నెలన్నరలో దిద్దుకుంటుంది. ఈ లోపల ఆరుగురికి గట్టివానితో ఆడిన అనుభవం దక్కుతుంది.

గెలిచినప్పుడు మెట్లు ఎట్లా మారవలె? ఇది తరగతిలో విద్యార్థులచేత చర్చ చేయించదగిన ప్రశ్న. ఏడవ మెట్టువాడు ఐదవ మెట్టువానిని గెలిచినాడు. ఇద్దరూ చోట్లు మార్చుకుంటే ఓడినవాడు ఒక్క ఆటతో రెండు మెట్లు దిగుతాడు. అట్లా కాక, గెలిచినవాడు ఐదవ మెట్టెక్కి, పాత ఐదు ఆరుకూ, పాత ఆరు ఏడుకూ జరిగితే ఓడినవానికి ఒక్క మెట్టే నష్టం. కాని ఆరవ మెట్టువాడు ఆడకుండానే దిగినాడు! ఇది న్యాయమా? మొదటి పద్ధతిలో ఆడి ఓడినవానికి శిక్ష ఎక్కువ, రెండవ పద్ధతిలో ఆడక కూర్చున్నవానికి కొద్ది శిక్ష. స్నేహం కొరకు పెట్టుకున్న నిచ్చెనకు రెండవదే తగినదని నా అభిప్రాయం. ఓటమి భయం తగ్గితే ఆటకు వచ్చేవారు పెరుగుతారు. ఊరక కూర్చున్నవానికి ఊరక కూర్చోరాదని తెలుస్తుంది.

ఇక అన్నిటికంటె ముఖ్యమైన నియమం: ప్రతివారూ పక్షానికి ఒక్కసారి అయినా ఎవరినో ఒకరిని పిలవవలెను. పైన పిలవటానికి ఎవరూ లేని మొదటిమెట్టువారు మాత్రం పక్షానికి ఒక పిలుపు అయినా అందుకొనవలెను. పిలుపు అందుకున్నవారు పది రోజులలో ఆడవలెను. జ్వరమో, వానో, పరీక్షలో అడ్డు వస్తే గడువు పెంచవచ్చును. కారణం లేక తప్పించుకుంటే ఆ మెట్టు వదులుకున్నట్లే. ఓడినవాడు వెంటనే తనను గెలిచినవానినే మళ్లీ పిలవరాదు. నడుమ ఇంకొకరితో ఆడి, అప్పుడు పిలవవచ్చును. పగలు పెరగకుండా కాపాడేది ఈ చిన్న అడ్డే.

ఇప్పుడు ఆ కుర్రవాడు మాస్టారు వద్దకు పోగలడు.

“మాస్టారూ, ఈ పక్షంలో నేను ఎవరినో ఒకరిని పిలవవలెనండీ. ఆదివారం సాయంత్రం మీకు వీలవుతుందా?”

“ఏమోయ్, తిరిగి తిరిగి నన్నే పట్టావూ? సరే, ఐదింటికి రా. బంతులు నేను తెస్తాను.”

మాట అదే, సవాలూ అదే. కాని అది కుర్రవాని నోట పుట్టిన మాట కాదు, పలక చెప్పించిన మాట. నియమం పిలవమన్నది కనుక పిలిచినాడు. నియమం ఆడమన్నది కనుక ఆయన ఆడతారు. పొగరు తొలగిపోయింది, ఆట మిగిలింది.

పైమెట్టువారు ఆడనప్పుడు

పైమెట్టు చేరినవారికి సహజంగా కలిగే ఒక జబ్బు ఉన్నది. ఆడితే ఓడవచ్చును, ఆడకుంటే ఓటమి లేదు. కనుక ఆడకుండుటే క్షేమమని తోస్తుంది. ఈ జబ్బు మన ఊరి కోర్టుకే కాదు, వింబుల్డన్‌కూ పట్టినది.

వింబుల్డన్‌లో తొలి పోటీలు 1877లో జరిగినవి. మరుసటి సంవత్సరం నుండి ఒక విచిత్రమైన ఏర్పాటు అమలులోకి వచ్చింది. కిందటి ఏటి విజేత తక్కిన పోటీలలో పాల్గొనడు. తక్కినవారందరూ ఒకరితో ఒకరు పోరాడి, చివరకు మిగిలిన ఒక్కడు వచ్చి విజేతను సవాలు చేస్తాడు. విజేత ఆ ఒక్క ఆట గెలిస్తే చాలు, కిరీటం అతనిదే. 1921లో అమెరికా క్రీడాకారుడు బిల్ టిల్డెన్ అట్లా ఒకే ఒక ఆట ఆడి తన పట్టం నిలుపుకున్నాడు. ఇది న్యాయం కాదని గ్రహించి 1922లో ఆ ఏర్పాటును తీసివేసినారు. నాటినుండి విజేత కూడా మొదటి ఆట నుండీ ఆడవలసినదే.

దేశాల నడుమ జరిగే డేవిస్ కప్పు పోటీలో ఈ ఆచారం 1971 వరకు సాగింది. 1966లో మన దేశపు జట్టు ఒక్కొక్క దేశాన్నే దాటుకుంటూ సవాలు పోటీ వరకు వెళ్లింది. అక్కడ మెల్‌బోర్న్‌లో ఆస్ట్రేలియా కాచుకొని ఉన్నది. ఐదు ఆటలలో నాలుగు ఆస్ట్రేలియా గెలిచింది. రామనాథన్ కృష్ణన్, జయదీప్ ముఖర్జీ జోడి న్యూకోంబ్, రోచ్ జోడిని ఓడించి మనకు ఒక గెలుపు సంపాదించినారు. డేవిస్ కప్పులో విజేత కాచుకొని కూర్చునే పద్ధతి 1972 నుండి లేదు.

అంతటి పోటీలు అర్ధశతాబ్దం తంటాలు పడి నేర్చుకున్న పాఠం మన పలకకు మొదటి రోజుననే వర్తింపజేయవచ్చును. పైమెట్టు విశ్రాంతిమందిరం కాదు. అందరికంటె ఎక్కువగా పిలుపులు అందుకోవలసిన చోటు.

నిజానికి ప్రపంచపు టెన్నిసు అంతా నేడు ఒక పెద్ద నిచ్చెన. పురుషుల క్రమస్థానాలను కంప్యూటరు లెక్కలతో నిర్ణయించటం 1973 ఆగస్టు 23న మొదలయింది. ఆ నిచ్చెనమీద హైదరాబాదులో పెరిగిన సానియా మీర్జా 2007లో మహిళల సింగిల్స్‌లో 27వ మెట్టునూ, 2015లో డబుల్స్‌లో మొదటి మెట్టునూ అందుకున్నది. అయితే ఆ పెద్ద నిచ్చెనకూ మన చిన్న నిచ్చెనకూ భేదం ఉన్నది. అక్కడ ఏడాది పొడుగునా ఆడిన పోటీల మార్కులు కూడి మెట్టు నిర్ణయిస్తారు. ఇక్కడ పక్కపక్క మెట్లవారు ఎదురెదురుగా నిలిచి తేల్చుకుంటారు.

పోటీ కంటె నిచ్చెన ఎందుకు మేలు

పాఠశాలల్లో మనకు అలవాటైనది ఓడినవారిని తొలగించే పోటీ. పదహారుమంది చేరితే పదిహేను ఆటలతో విజేత తేలిపోతాడు. లెక్క చక్కనిదే. కాని మొదటి రోజుననే ఎనిమిదిమంది ఒక్కొక్క ఆట ఆడి ఇంటికి పోతారు. ఆట ఎవరికి ఎక్కువ అవసరమో, ముందుగా పంపివేసేది వారినే. పోనీ, ప్రతివారూ ప్రతివారితో ఆడవలెనంటే పదహారుమందికి నూట ఇరువది ఆటలు. ఒకే కోర్టుమీద సాయంత్రానికి రెండు ఆటల వంతున అరువది రోజులు పడుతుంది. నడుమ ఒకరు మానివేస్తే లెక్క అంతా తారుమారు.

నిచ్చెనకు ఈ రెండు బాధలూ లేవు. ఎవరూ తొలగిపోరు. ఎవరైనా ఊరు విడిచి పోతే అతని అట్ట తీసివేసి కింది పేర్లు పైకి జరుపుతారు. ఉపాధ్యాయులకు బదిలీలు తప్పవు కదా! కొత్తవారు వస్తే అడుగుమెట్టున చేరుతారు. పక్కపక్క మెట్లవారే ఆడుకుంటారు కనుక ఆటలు పోటాపోటీగా ఉంటాయి. తనకంటె ఎంతో మెరుగైనవానితో ఓడి ఓడి విసుగెత్తటమూ లేదు, తనకంటె ఎంతో తక్కువవానిని గెలిచి గెలిచి మొద్దుబారటమూ లేదు.

అయినా అడుగుమెట్టున ఉన్నవారి సంగతి ప్రత్యేకంగా చూడవలెను. నిచ్చెన బలం తెలిసేది పైమెట్టున కాదు, అడుగుమెట్టున. అక్కడివారు విసిగి మానివేస్తే వారిపై మెట్టే అడుగుమెట్టవుతుంది. అట్లా ఒక్కొక్క మెట్టే ఊడిపోయి నిచ్చెన పొట్టిదవుతుంది. దీనికి ఒక మంచి ఉపాయం నెలకొకసారి జోడుల ఆట. ఒకటవ మెట్టుకు పన్నెండవ మెట్టు తోడు, రెండుకు పదకొండు, మూడుకు పది. ఏ జోడి అంకెలు కూడినా పదమూడే. ఆరు జోళ్లూ ఇంచుమించు సమబలం కలవి. ఆనాడు ఊరిలో అందరికంటె మేటి ఆటగాడు అందరికంటె వెనుకబడినవాని గెలుపు కొరకు చెమటోడుస్తాడు. నాలుగు నెలలు అడుగుమెట్టున ఉన్నవారిని కూడా మళ్లీ కోర్టుకు రప్పించగల శక్తి ఆ ఒక్క సాయంత్రానికి ఉన్నది.

కోర్టు, గాలి, బంతి

మన తీరపు వాతావరణానికి తగిన కొన్ని జాగ్రత్తలు చెప్పవలసి ఉన్నది. కోర్టు పొడవు 78 అడుగులు, ఇద్దరి ఆటకు వెడల్పు 27 అడుగులు. పొడవు ఉత్తర దక్షిణాలుగా ఉండవలెను. లేకపోతే ఉదయం ఒకరికీ, సాయంత్రం మరొకరికీ సూర్యుడు కళ్లలో పడతాడు. మనకు సముద్రం తూర్పున ఉన్నది కనుక మధ్యాహ్నం తిరిగిన పిమ్మట వచ్చే సముద్రపుగాలి కోర్టుకు అడ్డంగా వీస్తుంది. బేసి సంఖ్య గేములు ముగిసినప్పుడల్లా ఆటగాళ్లు అటువారు ఇటు మారవలెనన్న నియమం గాలి చేసే పక్షపాతాన్ని సరిదిద్దుతుంది. ఇసుకనేలలో బంతి లేవదు. జిగట గల మట్టి పోసి, నీరు చల్లి, రోలరు తిప్పి గట్టిపరచవలెను. గీతలకు సున్నం చాలు.

మేనెల ఎండలలో ఉదయమే ఆడవలెను. అక్టోబరు నుండి డిసెంబరు వరకు ఈశాన్యపు వానలు. 1989 నవంబరులో కావలి దాపున తీరం దాటిన పెనుతుపాను వంటివి వచ్చే కాలమదే. అప్పుడు ఆట నిలిపివేసి, ఎవరి మెట్టున వారిని అట్లాగే ఉంచవలెను. వార్షిక పరీక్షల నెలకూ ఇదే పద్ధతి.

బంతులు ఖరీదైనవి కనుక పాతవి ఎంతవరకు పనికివస్తాయో చూసుకోవలెను. 100 అంగుళాల ఎత్తునుండి గట్టినేలమీద వదిలిన బంతి 53 మొదలు 58 అంగుళాల వరకు లేవవలెనని నిబంధన. గోడమీద సుద్దతో గీతలు గీసి విద్యార్థులచేత ఈ పరీక్ష చేయిస్తే భౌతికశాస్త్రపు పాఠం కూడా అవుతుంది. అంతెత్తు లేవనివి చిన్నవారి అభ్యాసానికి ఇవ్వవచ్చును.

ఆట నిడివికి హద్దు ఉండవలెను. 2010లో వింబుల్డన్‌లో ఇస్నర్, మహూ అనే ఇద్దరు మూడు రోజులపాటు మొత్తం 11 గంటల 5 నిమిషాలు ఆడినారు. చివరి సెట్టు 70-68. మనకు ఐదింటికి బడి వాకిట చేరితే గంటన్నరలో చీకటి పడుతుంది. ఒక్క సెట్టు చాలు. ఆరు గేములు సమమైతే టైబ్రేకుతో తేల్చుకోవలె.

గీతమీద పడిన బంతి

మన కోర్టులో అంపైరు ఉండడు. బంతి గీత లోపల పడిందా, బయట పడిందా అని చెప్పవలసినది ఎవరి వైపు పడితే వారే. సందేహం కలిగితే ఎదుటివారికే పాయింటు ఇవ్వవలెను. అంపైరు లేని చోట్ల ప్రపంచమంతటా టెన్నిసు ఆటగాళ్లు పాటించే మర్యాద ఇది.

ఎంత బరువైన నియమమో చూడండి. ఓడిపోయే ఘడియలో, తనకు తప్ప మరెవరికీ కనబడని బంతిని గురించి, తనకు నష్టమైన నిజం తానే చెప్పవలెను. ఆ మాట చెప్పేది గురువు అయితే చూస్తున్న శిష్యుడు ఒక పాఠం నేర్చుకుంటాడు. చెప్పేది శిష్యుడైతే గురువు తన పాఠం ఎక్కడివరకు చేరినదో తెలుసుకుంటారు. నీతిబోధ గంటలో నెలల తరబడి చెప్పినా నాటుకోని మాట, ‘బంతి లోపలే పడిందండీ, పాయింటు మీదే’ అన్న ఒక్క పలుకులో నాటుకుంటుంది.

చివరగా ఒక చిన్న ఆచారం. ఆట ముగిసిన తరువాత పలకమీది అట్టలు మార్చవలసినది గెలిచినవారు కాదు, ఓడినవారు. నోటుపుస్తకంలో తేదీ, గేముల లెక్క రాయవలసినది గెలిచినవారు. ఇట్లా ఇద్దరి చేతులూ పడితేగాని ఆట పూర్తి అయినట్లు కాదు.

ఆదివారం సాయంత్రం ఆ కుర్రవాడు మాస్టారుమీద గెలిచినాడే అనుకుందాము. ముఖం తుడుచుకొని ఆయన పలక దగ్గరకు నడుస్తారు. తన పేరు గల అట్ట తీసి ఒక మేకు కిందికి తగిలిస్తారు. శిష్యుని పేరు పైమేకుకు తగిలించి, వంకరగా ఉంటే సరిచేస్తారు. ఏళ్ల తరబడి నల్లబల్లమీద ఆయన చేసిన పని కూడా ఇదే కదా! కుర్రవాడు పుస్తకంలో లెక్క రాసి, తలవంచుకొని నిలబడతాడు. ఆయన రాకెట్టు చంకన పెట్టుకొని, “వచ్చే పక్షం ఇంకెవరితోనో ఆడి, ఆపై పక్షం నిన్నే పిలుస్తానోయ్, కాచుకో” అంటారు.

ఆ మాట వినవచ్చినంత కాలం ఆ ఊరి కోర్టులో గడ్డి మొలవదు.